ఇంట్లో చదువుకోండి అన్న పాఠం

తెనాలి,
కార్తీక పౌర్ణమి మర్నాడు.

చిన్నా,

పార్లమెంటు కోసం నువ్వు రాసి పంపిన బిల్లు చిత్తుప్రతి వారం కిందటే అందింది. ఫోన్లో అంత చిన్న అక్షరాలు చదవలేక మెయిన్ రోడ్డులో జిరాక్స్ షాపుకి వెళ్లి ప్రింటు తీయించాను. పద్నాలుగు పేజీలు. షాపు కుర్రాడు మొదటి కాగితం మీద పేరు చదివి నావంక ఒకసారి చూశాడు. ఆ కాగితాన్ని బోర్లా తిప్పి, మిగతావన్నీ దాని మీద బోర్లాగానే పేర్చి, నేను అడక్కుండానే కవర్లో పెట్టి ఇచ్చాడు. మర్యాద తెలిసిన పిల్లాడు. ఒక పెద్దావిడ చేతిలో సెక్స్ ఎడ్యుకేషన్ అనే మాట నలుగురికీ కనబడకూడదనుకున్నాడు. మందుల షాపులో ప్యాడ్ల ప్యాకెట్టు పేపర్లో చుట్టి ఇస్తారే, ఆ మర్యాద. ముప్పైనాలుగేళ్ల ఉద్యోగంలో నేను కూడా చాలాకాలం పిల్లలకి అదే మర్యాద చేశాను. ముందు ఆ సంగతి చెప్పుకుని తర్వాత నీ బిల్లులోకి వస్తాను.

1985లో జిల్లా పరిషత్ హైస్కూల్లో బి.ఎడ్ అసిస్టెంటుగా చేరాను. జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చింది. మొదటి సగం పువ్వుల గురించి. తలా ఒక మందార పువ్వు తెమ్మన్నాను. బ్లేడుతో నిలువునా కోయించి, ఇదిగో కేసరావళి, ఇదిగో అండకోశం, వేలికి అంటుకున్న ఈ పసుప్పచ్చ పొడి పరాగం అని ఒక్కొక్కళ్ల దగ్గరికీ వెళ్లి చూపించాను. రెండు రోజులు క్లాసంతా మందారాలే. మూడో రోజు మనిషి వంతు వచ్చింది. ఆ పేజీ తెరవగానే వెనక బెంచీల్లో గుసగుసలు మొదలయ్యాయి, ఆడపిల్లలు తలలు వంచేసుకున్నారు. నాకప్పుడు ఇరవయ్యారేళ్లు. గొంతు తడారిపోయింది. "ఇది తేలికే, ఇంట్లో చదువుకోండి. బొమ్మ మాత్రం బాగా ప్రాక్టీసు చెయ్యండి, పరీక్షలో వస్తుంది" అని చెప్పి తర్వాతి పాఠంలోకి వెళ్లిపోయాను.

ఇంట్లో చదువుకోండి! ఏ ఇంట్లో? ఎవరి దగ్గర? ఆ మాట అన్నది నేనొక్కదాన్నే కాదు. నాకు తెలిసిన మాస్టారొకరు ఏటా పుస్తకాలు పంచే ముందు ఆ నాలుగు పేజీలకి పిన్నులు కొట్టించేవారు. ఆయన చెడ్డవాడు కాదు, లెక్కలూ సైన్సూ రెండూ ప్రాణం పెట్టి చెప్పేవాడు.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, నీ బిల్లులో మూడో సెక్షన్ ప్రతి ప్రభుత్వ పాఠశాలా లైంగిక విద్యను పాఠ్యప్రణాళికలో చేర్చాలి అంటోంది. నీ పద్నాలుగు పేజీలూ దాని చుట్టూనే తిరుగుతున్నాయి. చేర్చడం కష్టం కాదు నాయనా. 1985లోనే పుస్తకంలో ఉంది. ఆ తర్వాత ఎనిమిదో తరగతి పుస్తకంలో కౌమార దశ అని ఏకంగా ఒక పాఠమే వచ్చింది. చెప్పొద్దని నాకు ఏ చట్టమూ అడ్డురాలేదు. చెప్పి తీరాలని కూడా ఏ చట్టమూ నన్ను అడగలేదు. చెబితే నా వెనక ఎవరు నిలబడతారో ఎవరూ చెప్పలేదు. నీ చట్టం మాట్లాడాల్సింది పుస్తకంతో కాదు, బోర్డు దగ్గర గొంతు తడారిపోయి నిలబడ్డ ఆ ఇరవయ్యారేళ్ల మనిషితో.

చేరిన మూడో ఏడు అనుకుంటాను, ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి మధ్యాహ్నం బెల్లయ్యాక క్లాసుకి రాలేదు. వెతికితే బడి వెనక ప్రహరీ గోడ పక్కన మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చుంది. పరికిణీ తడిసి ఉంది. "టీచర్, నా లోపల ఏదో తెగిపోయింది, మా అమ్మకి చెప్పకండి" అంది. చచ్చిపోతున్నాననుకుంది ఆ పిల్ల. చచ్చిపోతూ కూడా అమ్మ తిడుతుందని భయపడింది. నా చీర కొంగు కప్పి ఇంటికి తీసుకెళ్లాను. పది రోజుల తర్వాత ఆ ఇంటి ముందు టెంటు వేశారు. మైకులో పాటలు, చలిమిడి, చిమ్మిలి, మేనమామ తెచ్చిన పట్టు పరికిణీ. ఊరందరికీ తెలిసింది. ఇవాళైతే నాలుగు రోడ్ల కూడలిలో ఆ పిల్ల ఫొటోతో ఫ్లెక్సీ కూడా కడతారు. అంత వేడుక చేసిన ఇంట్లో ఆ రక్తం ఎక్కడి నుంచి వచ్చింది, ఎందుకొచ్చింది, నెలనెలా వస్తే ఏం చేసుకోవాలి అన్న మూడు ముక్కలు ఆ పిల్లకి చెప్పినవాళ్లు లేరు. మన సంస్కృతిలో ఇలాంటివి బయట మాట్లాడుకోరని ఎవరైనా సభలో అంటే, ఆ మైకు నాకు గుర్తొస్తుంది. మాట్లాడుకుంటాం. ఊరంతా వినేలా చెప్పుకుంటాం. ఆ పిల్లకి తప్ప.

నువ్వు మగపిల్లాడివి కాబట్టి మీ సంగతి కూడా మొహమాటం లేకుండా రాస్తాను. మీకు ఆ వేడుక కూడా లేదు. మీ నాన్న నీకేమీ చెప్పి ఉండడు. మా నాన్న వాడికి చెప్పలేదు. పన్నెండు, పదమూడేళ్ల పిల్లాడు ఒక రాత్రి తడిసిన లాగుతో లేచి, ఏదో జబ్బు చేసిందని నెలల తరబడి కుమిలిపోతాడు. వాడికి సమాధానం చెప్పింది ఎవరు? బస్టాండు గోడల మీద సున్నంతో రాసిన నరాల బలహీనత, సుఖవ్యాధులు, ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో డాక్టరు గారు ఉంటారు అన్న ప్రకటనలు. ఆ లాడ్జి మెట్లెక్కి, జబ్బే కానిదానికి వేలు పోసి పొడులు కొనుక్కున్న మగవాళ్లు మన ఊళ్లో ఎంతమందో. ఆ రోజుల్లో విజయవాడ నుంచి గోరా గారబ్బాయి డాక్టర్ సమరం గారు పత్రికల్లో పాఠకుల ప్రశ్నలకి జవాబులు రాసేవారు. స్వాతి వీక్లీ ఇంటికి రాగానే ఆ పేజీని పెద్దవాళ్లు లేనప్పుడు చదివేవాళ్లం. ఒక తరం తెలుగువాళ్లు తమ ఒంటి గురించి సవ్యంగా తెలుసుకున్నది బళ్లో కాదు, ఆ ఒక్క పేజీలో, అదీ దొంగతనంగా. ఇప్పుడు ఆ చోటు ఫోను తీసుకుంది. అందులో కనబడేదాన్ని చూసి ఆడమనిషి అంటే ఇలా, మగతనం అంటే ఇలా అని పిల్లలు నేర్చుకుంటున్నారు. బడి నోరు మూసుకుంటే పిల్లలు ఏమీ నేర్చుకోకుండా ఉంటారనుకోవడం ఎంత అమాయకత్వమో ఆలోచించు.

ఇంకో చిక్కు ఉంది, ఢిల్లీలో ఇంగ్లీషులో బిల్లు రాసేవాళ్ల దృష్టికి రానిది. మన భాషలో ఆ భాగాలకి పిల్లల నోట పట్టే మాటల్లేవు. చిన్నప్పుడు సిగ్గు సిగ్గు, ఛీ ఛీ అంటాం. కాస్త పెరిగాక వీధిలో వినబడేవన్నీ తిట్లు. పుస్తకం తెరిస్తే శిశ్నం, ముష్కాలు, యోని అని సంస్కృతం. తిట్టుకీ సంస్కృతానికీ మధ్య ఒక పిల్ల తన తల్లితోనో టీచరుతోనో చెప్పుకోగలిగిన మాట ఒక్కటి లేదు. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం బిడ్డ వాంగ్మూలం వీలైనంత వరకు మహిళా ఎస్సైకి తగ్గని హోదా ఉన్న అధికారిణి, యూనిఫాం లేకుండా, బిడ్డ ఉన్న చోటుకే వెళ్లి తీసుకోవాలి. ఎంత దయగా రాశారు! కానీ ఆ అధికారిణి ఎదురుగా కూర్చుని ఎక్కడ తాకాడమ్మా అని అడిగితే, చెప్పడానికి బిడ్డ దగ్గర పేరేది? అందుకని ఒకటో తరగతిలో కన్ను, ముక్కు, చెవి చెప్పేటప్పుడే మిగతా వాటికీ మామూలు పేర్లు చెప్పాలి. ఆ పేర్లు ఏవో నిర్ణయించే పని తెలుగు టీచర్లకీ డాక్టర్లకీ కలిపి అప్పగించాలి. నీ బిల్లులో ఏ భాషలో చెప్పాలన్న మాటే లేదు. మాతృభాషలో, పిల్లలు వాడే మాటల్లో అని చేర్చు.

ఇక, ఇది ఎందుకు ఆగిపోయిందో నీకు తెలియాలి. నువ్వప్పటికి పలక పట్టిన పిల్లాడివి. 2005లో కేంద్ర మానవ వనరుల శాఖ, ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో కలిసి కౌమార విద్యా కార్యక్రమం తెచ్చాయి. అప్పట్లో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో మనదొకటి. నేనూ ఒక శిక్షణకి వెళ్లొచ్చాను. ఫ్లిప్‌చార్టులు ఇచ్చారు, బొమ్మలు చూపించారు, సిరంజీ, కండోమ్, జబ్బు, చావు. భయంతో మొదలై భయంతో ముగిసింది. ఒళ్లంటే జబ్బుల మూట అని చెప్పినట్టుంది తప్ప, పెరగడం అంటే ఏమిటో చెప్పినట్టు లేదు. 2007కల్లా రాష్ట్రాలు ఒక్కొక్కటీ వద్దనడం మొదలుపెట్టాయి. మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, గుజరాత్, కర్ణాటక. పార్టీతో సంబంధం లేదు. మహారాష్ట్రలో అప్పుడున్నది కాంగ్రెస్, ఎన్సీపీ ప్రభుత్వం. మధ్యప్రదేశ్‌లో బీజేపీ.

అదే 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ పిల్లల మీద జరిగే వేధింపుల గురించి ఒక పెద్ద అధ్యయనం బయటపెట్టింది. అప్పటి మంత్రి మన ఖమ్మం ఎంపీ రేణుకా చౌదరి గారు. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగారు. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని 53.22 శాతం మంది చెప్పారు. ఎక్కువగా నమోదైన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. చేసినవాళ్లలో సగం మంది బిడ్డకి తెలిసినవాళ్లు, బిడ్డ నమ్మినవాళ్లు. ఆ అంకె పేపర్లో చదివిన రోజు నేను క్లాసులో హాజరు పిలుస్తూ ఒక్కో మొహం చూశాను. అరవై మంది ఉన్నారు. సగం అంటే ముప్పై.

రెండేళ్ల తర్వాత, 2009 మార్చిలో, రాజ్యసభ పిటిషన్ల కమిటీ నివేదిక వచ్చింది. దానికి అధ్యక్షులు మన నెల్లూరు వెంకయ్యనాయుడు గారు. బడుల్లో లైంగిక విద్య వద్దని, అది మన సంప్రదాయానికి సరిపడదని, మహనీయుల జీవితాలు చెప్పాలని, అంతగా అవసరమైన భాగాలు ఇంటర్ స్థాయి జీవశాస్త్రంలో పెట్టమని ఆ కమిటీ సిఫారసు చేసింది. వెంకయ్యనాయుడు గారంటే నాకు గౌరవం. తెలుగు కోసం ఆయన పడే తపన నాకు తెలుసు. ఆ కమిటీకి అర్జీ పెట్టుకున్న తల్లిదండ్రుల కంగారు కూడా నాకు అర్థమైంది, ఆ బొమ్మలు చూసి నేనూ కంగారుపడ్డదాన్నే. కానీ ఇంటర్ అన్న మాట దగ్గర నాకు మనసు చివుక్కుమంది. మన దగ్గర ఇంటర్లో జీవశాస్త్రం చదివేది బైపీసీ పిల్లలు. ఎంపీసీ పిల్లాడు, సీఈసీ పిల్ల ఆ పుస్తకం ముట్టుకోరు. ఐటీఐకి వెళ్లినవాడి సంగతి సరేసరి. అసలు ఇంటర్ దాకా రాని ఆడపిల్ల మాటేమిటి? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో చూడు, మన ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. దేశం మొత్తం మీద అది 23.3. సర్వే నాటికి 15–19 ఏళ్ల పిల్లల్లో తల్లయినవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు కలిపి మన రాష్ట్రంలో 12.6 శాతం, దేశంలో 6.8. ఇంటర్ బైపీసీ పుస్తకం వీళ్ల చేతికి ఎప్పుడందుతుంది? అప్పటికి వీళ్ల చంకలో బిడ్డ ఉంటుంది.

నేను మారింది ఆ ప్రహరీ గోడ దగ్గర కాదు. అక్కడ ఏడ్చాను, అంతే. మారింది ఒక అట్టపెట్టె వల్ల. ఎయిడ్స్ ప్రచారం రోజుల్లో క్లాసులో ప్రశ్నల పెట్టె పెట్టమన్నారు. చాక్‌పీసుల అట్టపెట్టెకి గాటు పెట్టి, పేరు రాయకుండా ఏదైనా అడగొచ్చని చెప్పాను. వారం తర్వాత తెరిస్తే నలభైకి పైగా చీటీలు. ముద్దు పెట్టుకుంటే కడుపొస్తుందా? బయట చేరినప్పుడు పచ్చడి ముట్టుకుంటే నిజంగా పాడవుతుందా? నాకు ఇంకా మీసం రాలేదు, నేను మగాణ్ణి కాదా? ఆ చీటీలు చదువుతుంటే సిగ్గు వెయ్యలేదు, ఇన్నాళ్లూ ఈ పిల్లల్ని ఎంత ఒంటరిగా వదిలేశానా అనిపించింది. ఆ రోజు నుంచి శనివారం ఆఖరి పీరియడు చీటీలకి ఇచ్చాను. మొదటి రెండు వారాలు నవ్వులు. మూడో వారానికి నవ్వులు ఆగిపోయాయి. పిల్లలు నవ్వేది మనం దాచినంత వరకేనని అప్పుడు తెలిసింది.

2004లో వచ్చిన ఒక చీటీ సంగతి ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను. ఏం రాసి ఉందో పూర్తిగా రాయను. ఇంటికొచ్చే ఒక చుట్టం ఒళ్లో కూర్చోమంటాడని, వద్దంటే అమ్మే తిడుతుందని ఉంది. చేతిరాత నాకు తెలుసు. తొమ్మిదో తరగతి పిల్ల. పైవాళ్లకి చెప్పాను. పరీక్షలు దగ్గరపడ్డాయి, బడి పేరు బజారున పడుతుంది, మీరు విన్నది మర్చిపోండి అన్నారు. తల్లిని పిలిపించి మాట్లాడాను. ఆవిడ చాలాసేపు నేల చూసి, "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందమ్మా" అంది. ఆ సామెత నేను కాదనలేకపోయాను. నా చేతిలో అప్పుడు పోక్సో లేదు, ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్పే కాగితం ముక్క లేదు. ఉన్నా వెళ్లేదాన్నో లేదో. మరుసటి ఏడు ఆ పిల్ల బడికి రాలేదు. పెళ్లి చేశారన్నారు.

అందుకే నీ బిల్లులో నేను వెతికింది ఒక్కటే. పాఠం చెప్పాక ఒక బిడ్డ లేచి వచ్చి నోరు విప్పితే, ఆ టీచరు ఏం చెయ్యాలి? పాఠం పెడితే చీటీలు వస్తాయి, రాకుండా ఉండవు. పోక్సో వచ్చాక 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. మంచిదే. 2004లో అది ఉండి ఉంటే నాతో మర్చిపొమ్మన్నవాళ్లు అంత తేలిగ్గా అనేవాళ్లు కాదు. కానీ ఇప్పుడు పనిచేస్తున్న మా టీచర్లు ఇంకోలా భయపడుతున్నారు. పదిహేడేళ్ల పిల్ల వచ్చి ఫలానా అబ్బాయిని ఇష్టపడుతున్నాను టీచర్, ఒక సందేహం అని మొదలుపెడితే, వినాలా ఆపాలా? పద్దెనిమిది లోపు ఇష్టం అనే మాటకి చట్టంలో చోటు లేదు. విన్నాక చెప్పకపోతే తనకి కేసు, చెబితే ఆ పిల్లవాడి బతుకు పోతుంది. దాంతో చీటీల పెట్టెలే ఎత్తేస్తున్నారు. 2025 మేలో సుప్రీంకోర్టు బెంగాల్‌కి చెందిన ఒక కేసులో, నేరం రుజువైనా శిక్ష వెయ్యకుండా ఆగింది. నేరం కంటే తర్వాత నడిచిన వ్యవహారమే ఆ అమ్మాయిని ఎక్కువ నలిపిందని గుర్తించింది. కోర్టే అంత తర్జనభర్జన పడ్డ చోట ఒక బళ్లో పంతులమ్మని ఒంటరిగా నిలబెట్టకు. సందేహం అడగడం వేరు, జరిగింది చెప్పడం వేరు అని బిల్లులో స్పష్టంగా రాయించు. చెప్పినప్పుడు ఎవరికి, ఎంతసేపట్లో, బిడ్డ పక్కన ఎవరు ఉండాలి అన్నది రాయించు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ప్రతి బడి గోడ మీద ఉండాలన్నది నువ్వు రాశావు, అది చాలా బాగుంది, దాన్ని ఎవరు తీసెయ్యమన్నా తీసెయ్యకు.

నీకు చట్టం చదువు వచ్చు, నాకు రాదు. అయినా ఒక మాట. పద్నాలుగు పేజీలు ఎందుకు? 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో పాఠ్యప్రణాళిక ఎలా ఉండాలో ఒక జాబితా ఉంది. బిడ్డని భయం, గాయం, ఆందోళన లేకుండా చెయ్యాలి, తన మనసులోది స్వేచ్ఛగా చెప్పనివ్వాలి అని అందులోనే ఉంది. మా ట్రైనింగుల్లో బట్టీ పట్టించారు. ఆ వాక్యం పక్కన తన శరీరం గురించి వయసుకి తగినట్టు తెలుసుకునే హక్కు అని ఒక్క మాట చేరిస్తే సగం పని అయిపోతుంది. అది ఆరు నుంచి పద్నాలుగేళ్ల దాకానే వర్తిస్తుంది, నిజమే. కానీ మొదలవ్వాల్సింది కూడా ఆ వయసులోనే. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు అన్నదీ అదే కదా, తొమ్మిదో తరగతి దాకా ఆగకూడదు, ఇంకా చిన్నప్పుడే మొదలుపెట్టాలని. 2020 పోక్సో నిబంధనల్లో మూడోది తీసి చూడు. ప్రభుత్వాలు పిల్లల భద్రత గురించి వయసుకి తగ్గ పాఠ్యసామగ్రి తయారుచెయ్యాలని ఉంది. అదే ఏడు ఫిబ్రవరిలో, బడికి ఇద్దరు టీచర్లని ఆరోగ్య రాయబారులుగా పెట్టే కార్యక్రమం ఆయుష్మాన్ భారత్ కింద మొదలైంది. మరుసటి నెలలోనే కోవిడ్‌తో బడులు మూతపడ్డాయి. అంటే ఇటుకలన్నీ అక్కడే ఉన్నాయి. 2019 జాతీయ విద్యావిధానం ముసాయిదాలో సెక్స్ ఎడ్యుకేషన్ అన్న మాట ఉంది, 2020లో ఖరారైనదాంట్లో లేదు. పేరు చూస్తేనే కాగితం బోర్లా తిప్పే దేశం మనది. పేరు కోసం పట్టుబట్టకు. శరీర విద్య అను, ఎదుగుదల పాఠాలు అను. లోపలి సరుకు వదలకు.

తల్లిదండ్రుల సెక్షన్ దగ్గర నీతో నేను ఏకీభవించను. ఇష్టం లేని తల్లిదండ్రులు సంతకం పెట్టి పిల్లల్ని అన్ని పాఠాల నుంచీ తప్పించవచ్చని రాశావు. అమెరికాలో, మీ వదిన వాళ్లుండే కాలిఫోర్నియాలో అలాగే ఉందట. అక్కడి చట్టం 2016 నుంచి అమల్లో ఉంది, ముందే తల్లిదండ్రులకి పాఠాలు చూపిస్తారు, వద్దంటే రాసివ్వొచ్చు. చూపించడం నాకు చాలా నచ్చింది. జూన్‌లోనే తల్లుల్ని బడికి పిలిచి, ఆ పుస్తకం వాళ్ల ముందే తెరిచి, ఒక్కో పేజీ చదివి వినిపించాలి. సగం గొడవలు అక్కడే పోతాయి. నేను చేసి చూశాను, ఒక తల్లి నన్ను ఆపి తన సందేహం అడిగింది. కానీ తప్పించే సంతకం మాత్రం ఆలోచించి పెట్టు. ఇంగ్లండులో 2020 నుంచి ఈ పాఠాలు తప్పనిసరి. అక్కడ లైంగిక విషయాల నుంచి కొంత వయసు దాకా తప్పించవచ్చు గానీ, మనుషుల మధ్య మంచిచెడ్డల పాఠాలు, భద్రత పాఠాలు అందరూ వినాల్సిందే. ఎందుకో నేను చెప్పక్కర్లేదు. బిడ్డని ఆ పాఠం నుంచి తప్పించమని సంతకం పెట్టే చెయ్యి, కొన్ని ఇళ్లల్లో, బిడ్డ భయపడే చెయ్యే అయి ఉంటుంది.

పోయినసారి ఫోన్లో నీ గొంతు నీరసంగా ఉంది. ప్రైవేటు సభ్యుల బిల్లులు స్వాతంత్ర్యం వచ్చాక పద్నాలుగే చట్టాలయ్యాయి, ఆఖరిది 1970లో, శుక్రవారం మధ్యాహ్నం ఖాళీ కుర్చీల ముందు చదివే కాగితం కోసం ఎందుకు రాత్రుళ్లు కూర్చోవాలి అత్తయ్యా అన్నావు. అలాంటిదే, ఎంపీ తిరుచ్చి శివ గారి ట్రాన్స్‌జెండర్ హక్కుల బిల్లు 2015లో రాజ్యసభలో నెగ్గింది, చట్టం కాలేదు. కానీ ఆ తర్వాత ప్రభుత్వం ఊరుకోలేక సొంత బిల్లు తేవాల్సి వచ్చింది, 2019లో చట్టమైంది. ఆ చట్టం బాగోగుల మీద తగువులున్నాయి గానీ, సభలో మాట పడిందంటే పడినట్టే. మా నాయనమ్మ, అంటే మీ తాత వాళ్లమ్మ, ఆవిడ పెళ్లి సంగతి నీకు తెలుసా? బాల్యవివాహాలని ఆపే శారదా చట్టం 1929లో అయింది, 1930 ఏప్రిల్ నుంచి అమలు. ఈలోపే చేసెయ్యాలని ఊళ్లకి ఊళ్లు పందిళ్లు వేశాయి. ఆవిడకి అప్పుడు తొమ్మిదేళ్లు. పీటల మీద నిద్రపోతే వాళ్లత్త లేపి కూర్చోబెట్టిందట. చట్టం వస్తోందని తెలిసి పెద్దవాళ్లు ముందే తమ పని కానిచ్చేశారు. కానీ ఆవిడ తన కూతుళ్లకి మాత్రం చిన్నతనంలో పెళ్లి చెయ్యనివ్వలేదు. చట్టం ఉంది, జైల్లో పెడతారు అని మా తాతని బెదిరించేదట. ఇంటి ఆడదానికి ఎదురు చెప్పడానికి ఒక ఆసరా దొరికింది. మా టీచర్లకీ అలాంటి ఆసరా కావాలి. ఎవరైనా వచ్చి మా పిల్లకి ఇవేం పాఠాలమ్మా అని నిలదీస్తే, చట్టం చెప్పమంది బాబూ అనగలగాలి. నువ్వు రాత్రుళ్లు కూర్చోవాల్సింది అందుకు.

వారం రోజులుగా రాద్దాం రాద్దాం అనుకుంటూ ఇవాళే ఎందుకు కూర్చున్నానో చెప్పి ముగిస్తాను. నిన్న రాత్రి కాలువలో దీపాలు వదలడానికి వెళ్లాను. రేవు దగ్గర ఒకావిడ అరటి దొప్ప చేతిలో పట్టుకుని నావంకే చూస్తోంది. వంగి కాళ్లకి దణ్ణం పెట్టాక గానీ గుర్తుపట్టలేదు. ఆ చీటీ రాసిన పిల్ల. ముప్పయ్యయిదేళ్లుంటాయి. పక్కన పరికిణీలో వాళ్ల రెండో పాప, ఏడో తరగతి. ఏమీ మాట్లాడుకోలేదు ఆ పాత సంగతి. దీపం వదిలాక నా చెయ్యి పట్టుకుని, "శనివారం పీరియడు మా పాపకి చెప్తారా టీచర్? వాళ్ల బళ్లో చెప్పట్లేదు, నాకు మాటలు రావట్లేదు" అంది. ఆదివారం పదింటికి రమ్మన్నాను.

పొద్దుటి నుంచి పెరట్లో మందార చెట్టు కేసి చూస్తున్నాను. పువ్వుతో మొదలుపెట్టను. ఈసారి మనిషితోనే మొదలుపెడతాను. మొదటి మాట ఏదన్నది ఇంకా కుదరలేదు, ఆదివారం లోపు కుదుర్చుకోవాలి. నీకు తోచిన మాటలేమైనా ఉంటే ఈలోపు ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య